ప్యాంటుకి 34, పొట్టకి 40

మా నాన్న జెంట్స్ టైలర్. చీరాలలో షాపు. ఆయన కొలతల పుస్తకంలో ఒక్కో మనిషికి రెండు వరసలుంటాయి, ప్యాంటుకి ఒకటి, చొక్కాకి ఒకటి. ప్యాంటు వరసలో "నడుము" అని రాస్తారు. చొక్కా వరసలో ఛాతీ తర్వాత "పొట్ట" అని రాస్తారు. మనిషి ఒక్కడే, టేపు ఒక్కటే, కొలిచింది ఒకే రోజు. నడుము 34 అంగుళాలు, పొట్ట 40.

ఇందులో తిరకాసేమీ లేదు. నలభై దాటిన మగవాళ్ళు చాలామంది ప్యాంటు పొట్ట మీద కాదు, పొట్ట కింద తొడుగుతారు. బెల్టు బొడ్డు కిందికి జారి తుంటి ఎముకల మీద ఆగుతుంది. అక్కడ పెద్దగా ఒళ్ళు రాదు కాబట్టి పదేళ్ళయినా సైజు మారదు. "నేను పెళ్ళప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే" అని మీసం మెలేస్తారు. చొక్కా దగ్గర ఆ వేషాలు కుదరవు, గుండీ పట్టాలి కదా. అందుకే మా నాన్న ప్యాంటు కొలత మనిషిని అడిగి రాసినా, పొట్ట కొలత మాత్రం ఎప్పుడూ టేపు పెట్టే రాస్తారు.

నేను నర్సుని. బాపట్ల జిల్లాలోనే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని. బీపీ, షుగర్ సర్వేలకి వెళ్ళినప్పుడు ఈ 34 ప్రతి వీధిలోనూ ఎదురవుతుంది. ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి నింపే ఫారంలో నడుము చుట్టుకొలతకి ఒక గడి ఉంది. మగవాళ్ళకి 90 సెంటీమీటర్ల దాకా సున్నా మార్కులు, 91 నుంచి 100 దాకా ఒకటి, వంద దాటితే రెండు. ఆడవాళ్ళకి 80 దాకా సున్నా, 81 నుంచి 90 దాకా ఒకటి, 90 దాటితే రెండు. వయసుకి, పొగాకుకి, మందుకి, వ్యాయామం లేకపోవడానికి, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉండటానికి వేరే మార్కులు. ముప్పై దాటిన వాళ్ళందరికీ ఎలాగూ పరీక్షలు చేయాల్సిందే, కానీ మొత్తం 4 దాటిన వాళ్ళని ముందు పంపాలి.

నలభై అయిదేళ్ళ మనిషిని తీసుకోండి. వయసుకి రెండు. వారానికి 150 నిమిషాల నడకైనా లేదు కాబట్టి ఒకటి. నోటిమాటగా చెప్పిన 34 అంగుళాలంటే 86 సెంటీమీటర్లు, సున్నా. మొత్తం మూడు, ఆయన ఇంటికి. చొక్కా పొట్ట 40 అంటే 101 పైమాటే, రెండు. మొత్తం అయిదు, ఆయన మా దగ్గరికి. ఏ జబ్బూ మారలేదు, టేపు పెట్టిన చోటు మారిందంతే. అందుకే ఫారంలో ప్యాంటు సైజు రాసుకొచ్చిన వాళ్ళని నేను వెనక్కి పంపుతాను. వాళ్ళకి కోపం వస్తుంది, వచ్చినా సరే.

ఎక్కడ పెట్టాలో చెప్తాను. చంక కింద నుంచి పక్కగా వేలితో తడుముతూ దిగితే చివరి పక్కటెముక తగులుతుంది. ఇంకా దిగితే తుంటి ఎముక పైఅంచు. ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు రావాలి. బొడ్డు గుర్తు కాదు, పొట్ట జారిన వాళ్ళకి బొడ్డు కూడా జారుతుంది. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడాలి. ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాక్కోవడం అందరికీ అలవాటే, అందుకే నేను "బాబాయ్, మీ అమ్మాయి ఏం చదువుతోంది?" అని అడుగుతాను. జవాబు చెప్పేటప్పుడు ఊపిరి బిగబట్టడం ఎవరివల్లా కాదు. టేపు వెనక వైపు కిందికి జారిందేమో ఒకసారి చూసుకోవాలి. చర్మాన్ని తాకాలి గానీ నొక్కకూడదు.

ఆడవాళ్ళకి లంగా బొందు కట్టే చోట గాడి పడి ఉంటుంది. టేపు ఇస్తే చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. అది కూడా కొలత కాదు. మరో మాట, నలుగురిలో చీర మీద నుంచి కొలిచి రాసే అంకె దండగ. పక్క గదిలోకి తీసుకెళ్ళి, ఆడమనిషే కొలవాలి.

టేపు గురించి కూడా. ప్లాస్టిక్ పూత టేపులు వాడగా వాడగా సాగుతాయి. మా నాన్న అప్పుడప్పుడూ టేపుని ఇనప స్కేలు పక్కన పెట్టి చూసుకుంటారు, తేడా వస్తే పిల్లలకి ఆడుకోడానికి ఇచ్చేస్తారు. మా సెంటర్‌లో నేను పెట్టిన పద్ధతీ అదే.

ఇంత గొడవ దేనికి, కాటా ఎక్కితే సరిపోదా అంటారు. సరిపోదు, ముఖ్యంగా మన జనానికి. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు తమ గురించి తామే రాసుకున్నారు. ఒకరు పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు చూసే లెక్క, ఒక్కటే, 22.3. ఏ చార్టు చూసినా ఇద్దరూ బంగారం. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. రెట్టింపు కన్నా ఎక్కువ! అదే యాజ్ఞిక్ బృందం పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండ్ సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. మన పిల్లలు సగటున 2.7 కిలోలు, వాళ్ళు 3.5. మన పిల్లల్లో కండ బాగా తక్కువ, వీపు మీది కొవ్వు మాత్రం ఆ లెక్కన తగ్గలేదు. అంటే చూడ్డానికి బక్కగా, లోపల కొవ్వుతో ఉండటం మనకి పుట్టుక నుంచే ఉంది.

అన్ని కొవ్వులూ ఒకటి కాదు. తొడల్లో, పిరుదుల్లో చర్మం కింద చేరేది పెద్దగా చెరుపు చేయదు. పొట్ట లోపల పేగుల చుట్టూ చేరేది వేరు. దాన్నుంచి కరిగే కొవ్వు నేరుగా కాలేయానికి పోతుంది, అక్కడ పేరుకుంటుంది, ఇన్సులిన్ మాట కాలేయం వినడం మానేస్తుంది. షుగరు, బీపీ, గుండెజబ్బు ఈ దారినే వస్తాయి. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చిన మనిషిని చూసి "సన్నగానే ఉన్నాడు కదమ్మా, షుగరేంటి?" అని ఆశ్చర్యపోతారు. మా సెంటర్‌కి షుగర్ మాత్రల కోసం వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆ ఆకారంలోనే ఉంటారు.

బీఎంఐని నేను తీసిపారేయను. కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే అది. 1832లో బెల్జియంకి చెందిన అడాల్ఫ్ కెట్లే అనే ఖగోళ, గణాంక శాస్త్రవేత్త పెద్దవాళ్ళలో బరువు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందని గమనించాడు. ఆయన చూసింది జనం సగటుని, పేషెంట్‌ని కాదు. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. అదీ సమూహాల్ని పోల్చడానికే. సర్వేలకి ఇప్పటికీ అది చాలా పనికొస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళని చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువు గీత అయిన 25కి చేరారు లేదా దాటారు. అదే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 15 శాతం మంది 18.5కి కూడా చేరలేదు, అంటే ఉండాల్సిన బరువు లేదు. ఒకే వీధిలో రెండు సమస్యలూ ఉంటాయి, కొన్నిసార్లు ఒకే ఇంట్లో అత్తాకోడళ్ళ రూపంలో.

మనకి గీతలు కూడా వేరు. ప్రపంచమంతటా 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం అంటారు. మన దేశ నిపుణులు 2009లో కూర్చుని 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని తేల్చారు. అయిదడుగుల ఆడమనిషికి ఈ లెక్కన 43 నుంచి 53 కిలోల దాకా ఫర్వాలేదు, 58 దాటితే ఊబకాయం. అయిదడుగుల ఆరంగుళాల మగవాడికి 52 నుంచి 64, ఆపైన 70 దగ్గర రెండో గీత. ఫోన్లో బీఎంఐ లెక్కేసే యాప్‌లు ఎక్కువగా 25 గీతే వాడతాయి. అందుకే యాప్ పచ్చరంగు చూపించినా మా డాక్టర్ గారు మందలిస్తారు.

ఎత్తు తప్పయితే మొత్తం తప్పే, ఎందుకంటే భాగించేది రెండుసార్లు. 62 కిలోల మనిషి ఎత్తు 160 అని చెబితే బీఎంఐ 24.2. గోడకి నిలబెట్టి కొలిస్తే 157 వచ్చిందనుకోండి, 25.2. మడమలు గోడకి ఆనించి, తల మీద అట్ట పుస్తకం గోడకి అడ్డంగా పెట్టి, పెన్సిలు గీత గీసి టేపుతో చూసుకోవడమే. కొప్పు విప్పాలి. ఆధార్ కార్డులో ఎత్తు ఉండదు కాబట్టి బతికిపోయాం.

ఇక కాటా. ఇంట్లో కొన్న డిజిటల్ కాటా నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడానికి బియ్యం బస్తా చాలు. సీలు విప్పని బస్తా పెట్టి చూడండి. జీఎస్టీ తప్పించుకోడానికి మిల్లులవాళ్ళు 25 కిలోల బస్తాని 26 చేశారు కాబట్టి మీద ఏం రాసుందో చూసుకోండి. గ్యాస్ బండ కూడా పనికొస్తుంది. బండ మీద ఖాళీ బరువు కొట్టి ఉంటుంది, నిండు బండలో దానికి 14.2 కిలోలు కలపాలి. కాటా గట్టి గచ్చు మీద ఉండాలి, చాప మీదో, ఎగుడుదిగుడు నాపరాళ్ళ మీదో కాదు. పొద్దున్నే ఒంటికీ రెంటికీ వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, రోజూ వేసుకునే బట్టల్లాంటి వాటితోనే ఎక్కాలి. వారానికోసారి చాలు.

రోజూ ఎక్కేవాళ్ళకి లేనిపోని టెన్షన్. రాత్రి పెళ్ళి భోజనంలో ఆవకాయ, అప్పడాలు దండిగా తిని పొద్దున ఎక్కితే కిలో పెరిగి కనపడుతుంది. ఒక్క భోజనంతో కిలో కొవ్వు రాదు. కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు, అంత ఎవరు తినగలరు! ఉప్పు పట్టి ఉంచిన నీళ్ళవి. నెలసరి ముందు కూడా అంతే. అన్నం మానేసిన మొదటి వారంలో తగ్గే రెండు మూడు కిలోల్లోనూ ఎక్కువ భాగం నీళ్ళే, కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థంతో పాటు పోతాయి. "వారంలో నాలుగు కిలోలు" అని బోర్డులు పెట్టేవాళ్ళ వ్యాపారమంతా ఈ నీళ్ళ మీదే. గుండె, కిడ్నీ జబ్బున్న వాళ్ళ సంగతి మాత్రం వేరు. వాళ్ళు రోజూ చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరు పట్టడం, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

ఒంట్లో కొవ్వు శాతం చెప్పే కాటాలు ఇప్పుడు ఆన్‌లైన్లో చవకగా దొరుకుతున్నాయి. పాదాల నుంచి చిన్న కరెంటు పంపి, ఒంట్లో నీటిని బట్టి అంచనా వేస్తాయి. నీళ్ళు తాగిన ముందూ తర్వాతా మారిపోయే అంకె అది. నేను కొననివ్వను.

"ఆపరేషన్ అయ్యాకే ఈ ఒళ్ళొచ్చిందమ్మా." ఇది నేను వినని వారం లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లో గొట్టాలు ముడివేస్తారు, అండాశయాల జోలికి పోరు. హార్మోన్లు ఎప్పటిలాగే వస్తాయి. ఒళ్ళు రావడానికి కారణం వేరే. వరస కాన్పులు, బాలింత పథ్యం పేరుతో నెయ్యీ అన్నమూ, అదే సమయంలో పొలం పని మానేయడం, పిల్లలు వదిలేసింది పారేయలేక తినడం. ఇవన్నీ ఆపరేషన్ జరిగిన ఏళ్ళలోనే జరుగుతాయి, నింద దాని మీద పడుతుంది. ఈ మాట చెప్తే సగంమంది ఒప్పుకోరు, ఒప్పుకోకపోయినా టేపు పెట్టనిస్తారు, అది చాలు నాకు.

ఇప్పటిదాకా పెరగడం గురించే మాట్లాడాను. నన్ను ఎక్కువ భయపెట్టేది తగ్గడం. డైటూ లేదు, నడకా లేదు, బరువు మాత్రం పోతోంది. చుట్టాలేమో "స్లిమ్ అయ్యావే, ఏం చేస్తున్నావ్?" అని మెచ్చుకుంటారు. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు అయిదు శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి ప్రయత్నమేమీ లేకుండా 57కి వస్తే, దానికి కారణం వెతకాలి. అదుపు తప్పిన షుగర్, థైరాయిడ్, క్యాన్సర్, దిగులు. మా వైపు ముందు చూసేది టీబీ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం తోడైతే గళ్ళ పరీక్ష చేయించే దాకా ఊరుకోం.

టీబీ వార్డులో కాటా విలువ వేరు. మందుల మోతాదే బరువు మీద ఉంటుంది. 49 కిలోల మనిషికి మొదటి రెండు నెలలూ రోజుకి మూడు మాత్రలు, 50 అయితే నాలుగు. అక్కడ చెప్పులతో ఎక్కనిస్తే నేను ఊరుకోను. మందు మొదలుపెట్టాక బరువు పెరగడమే మంచి కబురు. జార్ఖండ్‌లో రేషన్స్ పేరుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, మొదటి రెండు నెలల్లో బరువు అయిదు శాతం పెరిగిన రోగుల్లో చావులు బాగా తక్కువ. తిండికని ప్రభుత్వం నెలకి ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబర్ నుంచి వెయ్యి చేసింది. ఈ పేషెంట్లు కాటా ఎక్కి కిలో పెరిగిందంటే మేం చప్పట్లు కొడతాం. పక్క గదిలో షుగర్ పేషెంట్ కిలో తగ్గితే అక్కడా చప్పట్లే. బయటనుంచి చూసేవాళ్ళకి మేమేం కోరుకుంటున్నామో అర్థం కాదు.

"అసలు నేనెంత ఉండాలి సిస్టర్?" అని అడిగేవాళ్ళకి ఒక్క అంకె కావాలి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రామాణిక పురుషుడి బరువుని 60 కిలోల నుంచి 65కి పెంచింది, స్త్రీది 55గానే ఉంచింది. పేపర్లో చూసి "నేను 65 ఉండాలటగా" అని ఒకాయన వచ్చాడు. అది పోషకాల లెక్కలు కట్టడానికి పెట్టుకున్న మనిషి, ఎత్తు 177 సెంటీమీటర్లు, అంటే దాదాపు అయిదడుగుల పదంగుళాలు. అడిగినాయన నా భుజం దాకా వస్తాడు.

నేను ఇచ్చేది ఒక తాడు. నిజంగానే. మనిషి ఎత్తుకి తాడు కత్తిరించి, దాన్ని సగానికి మడిచి, ఆ సగం నడుము చుట్టూ అందుతుందేమో చూడమంటాను. నడుము ఎత్తులో సగం లోపు ఉండాలన్నది ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022 నుంచి చెబుతున్న లెక్క. కాగితం, కాలిక్యులేటరు అక్కర్లేదు. పొట్టివాళ్ళకీ పొడుగువాళ్ళకీ ఒకటే సూత్రం. అందకపోతే ఎంత దూరంలో ఆగిందో అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూసుకోమంటాను.

మూడు నెలలకి గుర్తు కదలనివాళ్ళు నీరసపడిపోతారు. వాళ్ళకి చెన్నై సంగతి చెప్తాను. అక్కడ డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందితో చేసిన పరిశీలన 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో షుగర్ రావడం 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువూ నడుమూ మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అంటే కాటా, తాడు రెండూ మొరాయించినా నడక తన పని తాను చేస్తోంది. రోజూ అరగంట నడుస్తూ "ఏం లాభం" అనేవాళ్ళని ఆపడానికి ఇంతకన్నా మంచి మాట నా దగ్గర లేదు.

అరవై అయిదు దాటిన వాళ్ళకి నేను తాడు ఇవ్వను. వాళ్ళ ఎత్తే తగ్గిపోయి ఉంటుంది, నడ్డి వంగి ఉంటుంది, బీఎంఐ ఎక్కువగా కనపడుతుంది. ఆ వయసులో పోయేది కండ. దానికి పిక్క కొలవాలి, కూర్చోబెట్టి, పిక్క బాగా లావుగా ఉన్నచోట. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న గీత మగవాళ్ళకి 34 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 33. అంతకన్నా తక్కువుంటే బరువు తగ్గమని ఎవరు చెప్పినా వినొద్దు. రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టుకునే మామ్మలకి నేను రాసిచ్చే చీటీ ఇది: రోజూ ఒక గుడ్డు, తినని వాళ్ళకి గట్టి పప్పు, పెరుగు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. మొదటి వారం మనవడో మనవరాలో పక్కన నిలబడాలి.